కొరియా చరిత్ర, సంస్కృతి బడిలో ఎలా చెప్పాలి: ఎనిమిది పీరియడ్ల పూర్తి మార్గదర్శి

కియా ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల బోర్డుల మీద కొరియన్ అక్షరాలు కనిపిస్తున్నాయి. అలాంటి బోర్డు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా ఎనిమిదో తరగతి అమ్మాయిలు ‘అన్న్యోంగ్’ అని పలకరించుకుంటున్నారు. పిల్లలకు ఆసక్తి ఉంది, మనకు పాఠం లేదు. ‘ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత?’ అని తోటి టీచర్లు అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పే పద్ధతిని వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఇది 8, 9 తరగతులకు సరిపోయే పాఠం. ఒక్కో పీరియడ్ 40 నిమిషాలు. సోషల్ టీచర్ ఒక్కరే నడపొచ్చు. కొరియన్ భాష రానక్కర్లేదు.

## 1. పాఠానికి ముందు వారం

ముందు పీరియడ్లు లెక్క పెట్టుకోండి. ఎనిమిది దొరికితే ఈ గైడ్ మొత్తం చెప్పొచ్చు. నాలుగే దొరికితే అక్షరాలు, తాడు (చరిత్ర తేదీల చీటీలు వరసగా తగిలించేది), ఇరవయ్యో శతాబ్దం, ఆట ఒక్కో పీరియడ్ చొప్పున ఉంచి మిగతావి వదిలేయండి. రెండే దొరికితే అక్షరాలకు ఒకటి, తాడుకు ఒకటి. ఎంత తక్కువ సమయం ఉన్నా ఈ రెండూ పోకూడదు.

పోస్టర్లు, పవర్‌పాయింట్ల మీద టైమ్ పెట్టకండి. ఈ పాఠానికి కావలసిన సామాను స్టాఫ్ రూమ్‌లోనూ ఇంట్లోనూ దొరుకుతుంది.

సిద్ధం చేసుకోవలసినవి

- లెక్కల గళ్ల పుస్తకం, పిల్లవాడికి ఒకటి (అక్షరాలకు)
- 21 మీటర్ల ప్లాస్టిక్ తాడు, బట్టల క్లిప్పులు ఒక 40
- తెల్ల, పసుపు చీటీలు
- బొటనవేలి మందం, 15 సెంటీమీటర్ల పొడవున్న గుండ్రటి కర్ర ముక్కలు, జట్టుకు రెండు చొప్పున
- ఆసియా గోడ మ్యాపు, ఊళ్ల పేర్లు లేని కొరియా అవుట్‌లైన్ మ్యాపు
- చింతగింజలు, చొక్కా గుండీలు (ఆటలో పావులకు)

## 2. మొదటి పది నిమిషాలు: మీరు మాట్లాడకండి

ఒక్కొక్కరికి చీటీ ఇచ్చి రెండు ప్రశ్నలు రాయమనండి. కొరియా గురించి నీకు ఖాయంగా తెలిసిన సంగతి ఒకటి. తెలుసుకోవాలనుకునేది ఒకటి. పేరు రాయనక్కర్లేదని చెప్పండి. లేకపోతే అసలు ప్రశ్నలు బయటికి రావు.

నా క్లాసుల్లో వచ్చిన చీటీలు దాదాపు ఒకేలా ఉంటాయి. పాటల గ్రూపుల పేర్లు, గాజులాంటి చర్మం, ‘కుక్కను తింటారంట’, ‘కిమ్ బాంబులు వేస్తాడు’, ‘మన అమ్మ అనే మాట వాళ్లకీ ఉంది కాబట్టి వాళ్లు మనవాళ్లే’. నవ్వకండి, తిట్టకండి. కట్టగట్టి టేబుల్ సొరుగులో పెట్టండి. ఆఖరి పీరియడ్‌లో వీటితో పనుంది.

మిగిలిన అరగంట మ్యాపుకు. చైనా, రష్యా, జపాన్ మధ్య ద్వీపకల్పాన్ని పిల్లలే వేలితో చూపించాలి. విస్తీర్ణం అంకెల్లో చెబితే ఎక్కదు. దక్షిణ కొరియా దాదాపు లక్ష చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. అందులో ఐదు కోట్లకు పైగా జనం. మనకంటే మూడున్నర గంటలు ముందుంటారు. మన పొద్దుటి ప్రార్థన గంట తొమ్మిదికి కొడితే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర.

తూర్పున ఉన్న సముద్రం పేరు దగ్గర జాగ్రత్త. మన మ్యాపుల్లో ‘జపాన్ సముద్రం’ అని ఉంటుంది, కొరియన్లు ‘తూర్పు సముద్రం’ అంటారు. రెండు పేర్లూ బోర్డు మీద రాసి, పేరు మీద కూడా తగాదా ఉందని చెప్పి ముందుకెళ్లండి.

## 3. అక్షరాలు: రెండో పీరియడ్, అసలైన మొదలు

చాలామంది రాజులతో మొదలుపెడతారు. నేనైతే లిపితో మొదలుపెట్టమంటాను. పీరియడ్ ముగిసేసరికి పిల్లవాడు తన చేత్తో ఏదో ఒకటి రాసి ఉంటాడు. రేపు రాజు పేరు చెప్పినప్పుడు ‘ఆ అక్షరాలు చేసినాయనే కదా సార్’ అంటాడు.

హంగుల్ లిపిని సేజోంగ్ రాజు 1443లో పూర్తి చేయించి, 1446లో ప్రజలకు విడుదల చేశాడు. అప్పుడు 28 అక్షరాలు, ఇప్పుడు వాడుకలో 24. పద్నాలుగు హల్లులు, పది అచ్చులు. అప్పటిదాకా చైనా అక్షరాలతో రాసుకునేవారు. అవి నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది కాబట్టి చదువు పెద్దింటివాళ్లకే ఉండేది. దక్షిణ కొరియాలో అక్టోబర్ 9న ఈ లిపికి సెలవు దినం ఉంది. అక్షరాల కోసం సెలవిస్తారని చెప్పినప్పుడు క్లాసులో గోల ఖాయం. కాసేపు చేయనివ్వండి.

బోర్డు మీద వరస

మొదట నోటి ఆకారం. ‘న్’ అని పలకమని, నాలుక కొన ఎక్కడ తాకిందో అడగండి. పై పళ్ల వెనక. నాలుక కొన పైకి లేచిన ఆ ఆకారమే అక్షరం: కిందికి ఒక గీత, అక్కణ్ణుంచి కుడికి ఒక గీత. ‘మ్’కి మూసిన నోరు, అంటే చిన్న చదరం. ‘స్’కి పన్ను, చూడ్డానికి ఇంటి కప్పులా ఉంటుంది. ‘క్/గ్’కి నాలుక వెనక భాగం పైకి లేచిన ఆకారం: కుడికి ఒక గీత, అక్కణ్ణుంచి కిందికి ఒక గీత.

తర్వాత ఒత్తు. మనం ‘ద’ కింద చిన్న గీత పెట్టి ‘ధ’ చేస్తాం, ‘ప’ను ‘ఫ’ చేస్తాం. కొరియన్‌లోనూ ‘క్/గ్’ అక్షరానికి ఒక గీత కలిపితే ఒత్తి పలికే ‘ఖ్’ వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో పోల్చి చెబితే ఇది బోధపడదు, తెలుగు అక్షరాలతో పోలిస్తే క్షణంలో ఎక్కుతుంది.

మూడోది సున్నా. కొరియన్‌లో గుండ్రటి సున్నా అక్షరం ముందు వస్తే పలకదు, చివర వస్తే ‘రంగు’ అన్నప్పుడు మన సున్నా పలికినట్టే ముక్కుతో పలుకుతుంది. పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఇది యాదృచ్ఛికం, రెండు లిపులకూ చుట్టరికం లేదు అని అక్కడికక్కడే చెప్పేయండి.

ఇక గుణింతం. నిలువు గీత ‘ఇ’. దానికి కుడివైపు చిన్న గీత తగిలిస్తే ‘ఆ’. హల్లు, అచ్చు పక్కపక్కన ఒకే గడిలో సర్దుకుంటాయి. అందుకే గళ్ల పుస్తకం. కొరియన్ పిల్లలూ గళ్ల పుస్తకంలోనే రాసి నేర్చుకుంటారు.

ఇప్పుడు ‘మీనా’ రాయించండి. మొదటి గడిలో చదరం, దాని పక్కన నిలువు గీత. రెండో గడిలో ‘న్’ మూల, పక్కన కుడి గీత ఉన్న నిలువు. అంతే. నాలుగు గుర్తులతో పేరు వచ్చేసింది. మీనా అనే పిల్ల క్లాసులో ఉంటే ఆ రోజు ఆమెను పట్టలేం.

తర్వాత వెంకట్ లేచి నిలబడతాడు. కొరియన్‌లో ఇంగ్లీషు V లాంటి ‘వ’ లేదు, ‘బ’ వాడతారు. పదం చివర పొల్లు ‘ట్’ నిలబడదు, కింద ఒక అచ్చు చేరుతుంది. వెంకట్ కాస్తా ‘బెన్ ఖాథు’ లాంటిది అవుతాడు. క్లాసంతా నవ్వాక, ‘మరి వాళ్ల ఊరి పేరును మనం సియోల్ అంటున్నాం, వాళ్ల చెవికి అది ఎలా వినిపిస్తుంది?’ అని అడగండి. ఏ లిపికైనా ఒప్పే ధ్వనులుంటాయి, ఒప్పనివి ఉంటాయి అన్న సంగతి ఉపన్యాసం లేకుండానే అర్థమైపోతుంది.

ఈ పీరియడ్‌లో జారే చోట్లు

- 24 అక్షరాలూ ఒకే రోజు చెప్పకండి. ఐదు హల్లులు, మూడు అచ్చులు చాలు.
- ఒకే అక్షరం ‘క’, ‘గ’ రెండింటికీ వాడతారు, చోటును బట్టి ధ్వని మారుతుంది. బుసాన్, పుసాన్ అని రెండు రకాలుగా వినిపించడానికి కారణం ఇలాంటిదే. తప్పెవరిదని పిల్లలు వాదించుకుంటే ఈ మాట చెప్పండి.
- చైనా అక్షరాలు, జపాన్ అక్షరాలు, హంగుల్ మూడూ ఒక్కటే అనుకుంటారు. మూడింటి నమూనా పక్కపక్కన చూపించండి. సున్నాలు కనిపిస్తే అది హంగుల్ అని గుర్తుపట్టడం ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది.

## 4. పేర్లు, వరసలు: మూడో పీరియడ్

ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ పేరు బోర్డు మీద రాసి ఇంటిపేరు ఏదని అడగండి. తొంభై శాతం ‘మూన్’ అంటారు. కాదు, బాన్. వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు. నందమూరి తారక రామారావు అని రాసుకునేవాళ్లకు ఇది వింత కాదు.

మనకూ వాళ్లకూ తేడా ఇంకోచోట ఉంది. అక్కడ పెళ్లయ్యాక కూడా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. ఈ మాట చెప్పి ఆపండి. చర్చ పిల్లలే మొదలుపెడతారు, ముఖ్యంగా వెనక బెంచీ అమ్మాయిలు.

తర్వాత వరసలు. అబ్బాయి తన అన్నను ‘హ్యోంగ్’ అంటాడు, అమ్మాయి తన అన్నను ‘ఒప్పా’ అంటుంది. అబ్బాయికి అక్క ‘నూనా’, అమ్మాయికి అక్క ‘అన్ని’. చిన్నవాళ్లు తమ్ముడైనా చెల్లెలైనా ‘దోంగ్‌సెంగ్’. నాన్న అక్కచెల్లెళ్లు ‘గొమో’, అమ్మ అక్కచెల్లెళ్లు ‘ఇమో’. ఇంగ్లీషులో అందరూ ఆంటీలే. మేనత్తకూ పిన్నికీ తేడా తెలిసిన పిల్లలకు ఇది సులభం.

పని ఇలా ఇవ్వండి. ఎవరి ఇంటి వంశవృక్షం వాళ్లు గీసి, తెలుగు వరస పక్కన కొరియన్ వరస రాయాలి. సీరియళ్లలో హీరోను ‘ఒప్పా’ అని పిలవడం విన్న అబ్బాయిలు తోటి అబ్బాయిని అలా పిలిచి నవ్వులపాలవుతారు. అదీ మంచిదే, మర్చిపోరు.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘బావామరదళ్లు పెళ్లి చేసుకుంటారా?’ చేసుకోరు, చట్టం ఒప్పుకోదు. పైగా ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్ల మధ్య పెళ్లి మీద కూడా నిషేధం ఉండేది. అది రాజ్యాంగ విరుద్ధమని 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. ‘మన సగోత్రంలాంటిదా సార్?’ అంటే, దగ్గరదగ్గరగా అంతేనని చెప్పొచ్చు.

## 5. తాడు: నాలుగు, ఐదు పీరియడ్లు

చరిత్రను బోర్డు మీద పట్టికగా రాస్తే పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుని పుస్తకం మూసేస్తారు. తాడు కట్టండి. ఒక మీటరు వందేళ్లు, ఒక సెంటీమీటరు ఒక ఏడాది. క్రీ.పూ. 57 నుంచి ఇవాళ్టికి 21 మీటర్లు పడుతుంది. వరండా చాలకపోతే గ్రౌండ్‌లో రెండు చెట్లకు కట్టండి. టేపు పీఈటీ సార్ దగ్గర ఉంటుంది.

మీటరుకో ముడి వేయించండి. తెల్ల చీటీల మీద కొరియా, పసుపు చీటీల మీద తెలుగు నేల. ఎవరి చీటీ వాళ్లే కొలిచి క్లిప్పు పెట్టాలి. మీరు పెట్టొద్దు.

తెల్ల చీటీలు (ఇవి చాలు)

- క్రీ.పూ. 57, 37, 18: సిల్లా, గొగుర్యో, బెక్జే రాజ్యాలు (సంప్రదాయం చెప్పే తేదీలు)
- 372: గొగుర్యోలోకి బౌద్ధం
- 632: సిల్లాలో సొందొక్ రాణి పట్టాభిషేకం
- 668: గొగుర్యో పతనం
- 918: గొర్యో రాజ్యం
- 1231: మంగోలుల దాడులు మొదలు
- 1377: లోహపు అచ్చులతో ముద్రించిన పుస్తకం
- 1392: చొసోన్ రాజ్యం
- 1446: హంగుల్
- 1592: జపాన్ దండయాత్ర, నౌకా సేనాని ఈ సున్‌షిన్
- 1910, 1919, 1945, 1948 (రెండు కొరియాల ప్రభుత్వాలు), 1950, 1953
- 1980, 1987

పసుపు చీటీలు

- మూడో శతాబ్దం: నాగార్జునకొండ, ఇక్ష్వాకులు
- 1262: రుద్రమదేవి
- 1336: విజయనగరం
- 1591: చార్మినార్
- 1948: హైదరాబాద్ విలీనం
- 1953: ఆంధ్ర రాష్ట్రం

క్లిప్పులు పెట్టడం అయ్యాక పిల్లలను తాడు వెంట నడిపించండి. చార్మినార్ కట్టిన చీటీకి సెంటీమీటరు దూరంలోనే జపాన్ సేనలు బుసాన్‌లో దిగిన చీటీ ఉంటుంది. మంగోలుల చీటీ పక్కన ఆగి ఇంకో సంగతి చెప్పండి. ఓరుగల్లును గణపతిదేవుడు ఏలుతున్న ఆ రోజుల్లోనే గొర్యోలో బౌద్ధ గ్రంథాలన్నిటినీ చెక్కపలకల మీద చెక్కారు. 81,258 పలకలు. హేఇన్సా ఆలయంలో ఇప్పటికీ ఉన్నాయి. 1377 నాటి ముద్రిత పుస్తకం గూటెన్‌బర్గ్ బైబిల్ కంటే 78 ఏళ్లు ముందుది. అంటే తాడు మీద ముప్పావు మీటరు. పిల్లలు చేతులు చాచి కొలుస్తారు.

సొందొక్ రాణి దగ్గర రుద్రమదేవి ప్రస్తావన పిల్లలే తెస్తారు. ఇద్దరి మధ్య ఆరు మీటర్లకు పైగా ఉందని కొలిపించండి.

మనతో నిజమైన సంబంధం ఒకటుంది, దాన్ని వదలొద్దు. సిల్లా నుంచి హ్యేచో అనే యువ భిక్షువు 720ల్లో భారతదేశమంతా తిరిగి, చూసింది రాసి పెట్టాడు. దక్షిణాదిన కొండల్లో ఆచార్య నాగార్జునుడి పేరుతో ముడిపడిన పెద్ద విహారం గురించీ రాశాడు. ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. అది మన నాగార్జునకొండేనని మాత్రం చెప్పేయకండి, ఆయన ఊరి పేరు రాయలేదు.

అయోధ్య రాకుమారి కథ కూడా వస్తుంది. క్రీ.శ. 48లో ‘అయుత’ దేశం నుంచి వచ్చి కొరియాలోని గయా రాజ్యపు రాజును పెళ్లాడిన హో హ్వాంగ్ ఓక్ కథ పదమూడో శతాబ్దపు గ్రంథంలో ఉంది. సంఘటనకూ రాతకూ మధ్య ఎన్ని మీటర్లో తాడు మీద కొలవమనండి. పన్నెండుకు పైనే. ఇది ఐతిహ్యమా చరిత్రా అన్న చర్చకు ఇంతకంటే మంచి సాధనం లేదు.

## 6. ఇరవయ్యో శతాబ్దం: ఆరో పీరియడ్, నెమ్మదిగా

తాడు చివరి మీటరు దగ్గర అందరినీ కూర్చోబెట్టండి. 1910 నుంచి 1945 దాకా జపాన్ పాలన, 35 సెంటీమీటర్లు. 1919 మార్చి 1న కొరియా అంతటా స్వాతంత్ర్య నినాదాలు మోగాయి. ఆరు వారాలు తిరగ్గానే ఇక్కడ జలియన్‌వాలా బాగ్. యూ గ్వాన్ సున్ అనే పదహారేళ్ల విద్యార్థిని ఉద్యమంలో నడిచి, మరుసటి ఏడాది జైల్లో చనిపోయింది. మీ ముందు కూర్చున్న పిల్లలకంటే ఒకట్రెండేళ్లే పెద్ద.

ఆగస్టు 15 ఎందుకు వాళ్లకూ పండగో అడగండి. 1945లో ఆ రోజున జపాన్ లొంగిపోయింది. మనకంటే సరిగ్గా రెండేళ్ల ముందు.

ఆపై విభజన. అవుట్‌లైన్ మ్యాపులు పంచి, ‘ఊళ్లు తెలియవు, నదులు తెలియవు, రెండు ముక్కలు చెయ్యాలి. మీకు రెండు నిమిషాలే’ అని చెప్పండి. చాలామంది అడ్డగీత గీస్తారు. 1945 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒక రాత్రి ఇద్దరు అమెరికన్ అధికారులు చేసింది ఇదే, 38వ అక్షాంశం దగ్గర గీత. అప్పుడు ఆ గీత ఎవరెవరి ఇళ్ల మధ్య పడి ఉంటుందో ఊహించమనండి.

2014 రాష్ట్ర విభజనతో పోల్చడానికి ఎవరో ఒకరు లేస్తారు. పోలికను మొగ్గలోనే ఆపండి. మనకు ఇటు నుంచి అటు బస్సు ఉంది. అక్కడ తల్లీకొడుకులు డెబ్భై ఏళ్లుగా ఉత్తరం కూడా రాసుకోలేకపోయారు.

యుద్ధం 1950 జూన్ 25న మొదలై 1953 జూలై 27న ఆగింది. తాడు మీద మూడు సెంటీమీటర్లు. ‘ఆగింది’ అన్న మాట నొక్కి చెప్పండి. అది కాల్పుల విరమణ మాత్రమే, శాంతి ఒప్పందం కాదు. భారత్ అక్కడికి సైనికులను పోరాడటానికి పంపలేదు, వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలోని 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అది. విరమణ తర్వాత యుద్ధఖైదీలను ఎటు పంపాలో చూసే తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. సొంత దేశానికి తిరిగి వెళ్లబోమన్న 22,000కు పైగా ఖైదీలు మన సైనికుల కాపలాలో ఉన్నారు.

ఆ తర్వాతి కథను ‘కష్టపడ్డారు, ధనవంతులయ్యారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అది సగమే. 1961 నుంచి సైనిక పాలన నీడ ఉంది. 1970లో చొన్ తే ఇల్ అనే ఇరవై రెండేళ్ల కుట్టుపనివాడు కార్మిక చట్టాలు అమలు చేయాలంటూ ఒంటికి నిప్పంటించుకున్నాడు. 1980 మే నెలలో గ్వాంగ్జులో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. 1987లో వీధుల్లోకి వచ్చిన జనం అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు. ఇది తెలిస్తేనే 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు సైనిక చట్టం ప్రకటించగానే జనం పార్లమెంటు ముందుకు ఎందుకు పరిగెత్తారో, పార్లమెంటు గంటల్లోనే దాన్ని ఎందుకు కొట్టేసిందో అర్థమవుతుంది.

జాగ్రత్తలు

- యుద్ధం ఫొటోల్లో శవాలున్నవి వద్దు. శరణార్థుల నడకలు చాలు.
- యుద్ధకాలంలో జపాన్ సైన్యం స్త్రీల మీద చేసిన అత్యాచారాల గురించి ఎనిమిదిలో వివరంగా చెప్పకండి. పై తరగతిలో అడిగితే దాచకుండా, వర్ణనలు లేకుండా రెండు వాక్యాల్లో చెప్పండి.
- ఉత్తర కొరియా అనగానే జోకులు మొదలవుతాయి. పాలకుల మీద నవ్వు అక్కడి మామూలు జనం మీదికి పోతోందా అని చూసుకోండి.

## 7. ఆట: ఏడో పీరియడ్

యుత్ నోరి కొత్త సంవత్సరం రోజున ఇంటిల్లిపాదీ ఆడే ఆట. పలకడం మాత్రం ‘యున్నోరి’. అష్టాచెమ్మా ఆడినవాళ్లకు నియమాలు పది నిమిషాల్లో వస్తాయి.

కర్ర ముక్కలను నిలువుగా చీలిస్తే జట్టుకు నాలుగు పుల్లలు: ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. చీల్చే పని వడ్రంగికి ఇవ్వండి, పిల్లలకు కత్తి ఇవ్వొద్దు. ఐస్‌క్రీమ్ పుల్లలకు ఒకవైపు రంగు వేసినా ఆట నడుస్తుంది, చప్పుడు మాత్రం రాదు. ఆ చప్పుడే సగం ఆట.

పందెం లెక్క (పైకి కనిపించే చదునులు)

- ఒకటి: దో (పంది), 1 అడుగు
- రెండు: గె (కుక్క), 2
- మూడు: గొల్ (గొర్రె), 3
- నాలుగు: యుత్ (ఆవు), 4, ఇంకోసారి వేయాలి
- ఒక్కటీ లేదు: మో (గుర్రం), 5, ఇంకోసారి వేయాలి

మనకు నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, రెండింటికీ మరో పందెం. పుల్లల లెక్కా అదే.

గడి గీయడం ఇలా: చదరం చుట్టూ మూలలతో కలిపి 20 చుక్కలు. రెండు ఐమూల గీతలు, నడిమధ్య ఒక చుక్క, మధ్యకూ ప్రతి మూలకూ నడుమ రెండేసి. మొత్తం 29. జట్టుకు నాలుగు పావులు. సరిగ్గా మూల మీద ఆగితే ఐమూల దారిలో అడ్డంగా పోవచ్చు. ఎదుటివాళ్ల పావు మీద పడితే దాన్ని చంపి మళ్లీ వేయొచ్చు. సొంత పావు మీద పడితే రెండూ జోడీగా కదులుతాయి, చస్తే రెండూ చస్తాయి.

లెక్కల టీచర్‌ని పిలవండి. పుల్ల రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే 16 అవకాశాల్లో దో 4, గె 6, గొల్ 4, యుత్ 1, మో 1. తర్వాత వందసార్లు వేయించి లెక్క రాయించండి. సగం గుండ్రంగా ఉన్న పుల్లలకు లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పిందో లెక్కల పీరియడ్‌లో చూసుకుంటారు.

## 8. తిండి, పండగ: ఎనిమిదో పీరియడ్‌లో ఇరవై నిమిషాలు చాలు

ఇక్కడే అందరూ మూడు పీరియడ్లు పోగొట్టుకుంటారు. రెండు విషయాలు చెప్పండి. కిమ్చీ పులియబెట్టిన కూరగాయల పచ్చడి, ఆవకాయ నూనెలో ఊరినది. రెండింటికీ ఎరుపు తెచ్చిన మిరపకాయ మాత్రం కొలంబస్ తర్వాతే ఆసియాకు వచ్చింది. చూసొక్ పండగ చాంద్రమానం ఎనిమిదో నెల పున్నమికి. అది చాలా ఏళ్లలో మన భాద్రపద పౌర్ణమి రోజే పడుతుంది. పితృదేవతలకు పెట్టడం, బియ్యప్పిండితో అర్ధచంద్రాకారంలో చేసి ఆవిరి మీద ఉడికించే సొంగ్‌ప్యోన్ గురించి చెబితే, మహాలయ పక్షం, కుడుములు పిల్లలకే గుర్తొస్తాయి.

బడికి కిమ్చీ గానీ నూడుల్స్ ప్యాకెట్లు గానీ తెప్పించే ముందు వెనక అట్ట చదవండి. చేపల రసం, రొయ్యలు, గొడ్డుమాంసం పొడి ఉండొచ్చు. ఏ ఇంట్లో ఏది తినరో ముందే కనుక్కోండి.

మిగిలిన సమయం పరీక్షలకు ఇవ్వండి. నవంబర్‌లో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష రోజున ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు, ఆలస్యమైన పిల్లలను పోలీసులు బండి మీద దింపుతారు, ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగేంతసేపు విమానాలు దిగవు, ఎగరవు. మన ఎంట్రన్సుల్లో నిమిషం నిబంధన గేటు దగ్గర ఏడ్చే పిల్లల ఫొటోలు ఏటా చూస్తాం. ఎవరి పద్ధతి మేలు అని అడగొద్దు. ‘ఇంత టెన్షన్ పెట్టే పరీక్ష అవసరమా?’ అని అడగండి, రెండు దేశాల పిల్లల తరఫునా మాట్లాడతారు.

## 9. నేను చేసిన పొరపాటు, ఇంకొన్ని

మొదటి ఏడాది నేను ‘కొరియా డే’ పెట్టాను. లంగాలు, చున్నీలతో హాన్‌బోక్‌లు (కొరియా సంప్రదాయ దుస్తులు) కట్టారు, పాటలు పెట్టారు. ఇద్దరబ్బాయిలు కళ్ల కొసలు వేళ్లతో లాగి ఫొటోలకు నిలబడ్డారు. అందరూ నవ్వారు. మూడో వరసలో మణిపూర్ నుంచి వచ్చిన అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. మన ఊళ్లలో ఆ పిల్లలను ఏమని పిలుస్తారో మనకు తెలుసు. ఆ ఏడాది నుంచి నేను వేషాల పోటీ మానేశాను. మొదటి పీరియడ్‌లోనే ముఖకవళికల మీద జోకులుండవని చెప్పేస్తాను.

పొరపాటు: ‘అమ్మ, అప్ప’ మాటలు చూపించి కొరియన్ ద్రావిడ భాష అనడం.
సవరణ: చంటిపిల్లల పలుకులు ప్రపంచంలో చాలా భాషల్లో ఒకేలా ఉంటాయి. నాలుగు మాటలతో చుట్టరికం తేలదు.

పొరపాటు: సీరియల్‌లో చూసిన రాజభవనమే చరిత్ర అనుకోవడం.
సవరణ: చూసిన సన్నివేశం ఒకటి చెప్పమని, అది తాడు మీద ఏ సెంటీమీటరు దగ్గరదో క్లిప్పు పెట్టమనండి. పెట్టలేకపోతే అది ఇంకా చరిత్ర కాలేదు.

పొరపాటు: పిల్లల్లో నిజమైన అభిమానులను ‘పిచ్చి’ అని వెక్కిరించడం.
సవరణ: ఉచ్చారణ సరిచేసే పని వాళ్లకే అప్పగించండి. మీకంటే బాగా పలుకుతారు.

## 10. ఎనిమిదో పీరియడ్: చీటీలు మళ్లీ బయటికి

మిగిలిన ఇరవై నిమిషాల్లో సొరుగులోని చీటీలు కలిపి పంచండి. తన చేతికి వచ్చిన చీటీలోని మాట నిజమా, అబద్ధమా, సగం నిజమా అని ప్రతి ఒక్కరూ రెండు వాక్యాలు రాయాలి. ఎఫ్‌ఏ ప్రాజెక్టు మార్కులు దీనికే వేయండి. తేదీల బిట్లు ఇవ్వొద్దు.

మార్కులు దేనికి

- తన పేరు లేదా ఇంట్లో ఒకరి పేరు హంగుల్‌లో, గడి దాటకుండా
- తాడు మీద తాను పెట్టిన చీటీ గురించి నాలుగు మాటలు, కాగితం చూడకుండా
- చేతికి వచ్చిన చీటీకి జవాబు, కారణంతో

పని అయ్యాక పుల్లలు, గుండీలు ఒక డబ్బాలో వేసి అల్మారాలో పెట్టండి. తాడును చీటీలు తీయకుండా అలాగే అట్టముక్కకు చుట్టి పెట్టండి. చీటీలు విడిగా దాస్తే వచ్చే జూన్‌కి 1592 కనపడదు.